నూట ఇరవై ఐదేళ్ల అబద్ధం

2000 ఆగస్టు 8, మంగళవారం, ఉదయం పదకొండుంపావు. ఆ గంట నుంచి ఒక బరువు మోస్తున్నాను. తొమ్మిదేళ్లు దాటింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో, పాత దస్తావేజుల గదిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. ఉర్దూ చదవగలను. హిజరీ సంవత్సరం ఇంగ్లీషు లెక్కలో ఎంతో చెప్పగలను. రిటైరయ్యాక నాలుగేళ్లు నన్ను ఎవరూ ఏ తేదీ అడగలేదు. ఆ రోజు బెంజ్ సర్కిల్ దగ్గర పాత వస్తువులు అమ్మే ప్రకాశరావు గుడ్డలో చుట్టిన ఇత్తడి పంజా మా ఇంటికి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మొహర్రంలో ఊరేగించే పీరు. వెనుక సన్నటి చెక్కుడు: హిజరీ 1210. అంటే 1795. కింద ఊరి పేరు, ఇబ్రహీంపట్నం అవతలి చిన్న ఊరు.

దాన్ని ఇంటర్నెట్‌లో పైదేశం వాళ్లకు అమ్ముతాడట. వందేళ్లు దాటిన వస్తువు దేశం దాటకూడదని చట్టం. అమ్మకాల సైటు కూడా వయసు అడుగుతుంది. వంద లోపేనని తెలిసినవాళ్లెవరైనా రాసిస్తే సరిపోతుంది. రాసిందెవరు? వస్తువు ఎవరిది? ఏ పీర్ల చావిడిలోది? అడగదు. ఇదొక నియమమా? దొంగనే పిలిచి నువ్వు దొంగవా అని అడిగి, కాదంటే తలుపు తీసే నియమం!

ఊరి పెద్దాయనే ఇచ్చాడని, పీరును దాచే పెట్టెకు రెండు తాళంచెవులని, ఒకటి ఆయన దగ్గరే ఉంటుందని ప్రకాశరావు చెప్పాడు. పైగా ఇది చదవగలిగేది మీరొక్కరేనన్నాడు. ‘సుమారు ఎనభై ఏళ్లు’ అని రాసి సంతకం పెట్టాను. నూట ఇరవై ఐదేళ్లు మింగేశాను. పైసా పుచ్చుకోలేదు. ఎందుకు చేశాను మరి? ఒక్క పొగడ్త కోసం. జీవితమంతా ఇతరుల దస్తావేజుల్లో తప్పుడు తేదీలు పట్టుకుని, సున్నా చుట్టి, మందలించి పంపిన మనిషిని, ఒక్క పొగడ్తకు అమ్ముడుపోయాను.

2001 మార్చి 28, బుధవారం ఉదయం మస్తాను వచ్చాడు. ఆ పీరుకు ముజావరు. నాలుగు తరాలుగా దాని సేవ వాళ్ల ఇంటిది. రెండో తాళంచెవి అతనిది.

“మొహర్రానికని తీస్తే పెట్టె ఖాళీ మేడమ్ గారూ. పీరుకి కాళ్లొచ్చి నడిచెళ్లిందా అని ఊరంతా నా కాళ్లొంకే చూస్తన్నారండీ.”

“స్టేషన్లో చెప్పావా?”

“పాతదని రుజువేదీ, ఇత్తడి ముక్కకి కేసేంటి పొమ్మన్నారు. దాని మీద ఏదో సంవత్సరం ఉందని మా నాన్న అనేవాడు. ఆయన ఇనాం కాగితాలతో మీ దగ్గరికొచ్చినప్పుడు మీరే లెక్కకట్టి చెప్పారంట గదా. ఎంతో చెప్పండమ్మా, రాసుకెళ్తా.”

“నాకు గుర్తులేదు మస్తాన్.”

“మీకా?” నవ్వాడు. “నా పెళ్లయిన తేదీ నాకు గుర్తుచేసేది మీరేనండీ!”

నోరు విప్పితే నా సంతకం బయటపడేది. ఒక్క అంకె చెబితే చాలు, కేసు కట్టేవాళ్లు, అతను బతికిపోయేవాడు.

ఊళ్లో పంచాయితీ పెట్టారు. పీఠం మీద కూర్చున్నది ఆ పెద్దాయనే. తాళం తీసిన చేత్తోనే మస్తాన్ని వేలెత్తి చూపి, ముజావరీ నుంచి తీసేశాడు. తలచుకుంటే ఈనాటికీ ఒళ్లు మండుతుంది. ఆయన మీద కోప్పడే అర్హత నాకుందా? అర్హత లేకపోయినా కోపం పోదు. మస్తాను ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టుకుంటూ బతికాడు. 2008 నవంబరులో, దొంగ అన్న పేరుతోనే పోయాడు.

పీరును అమ్మింది ఊరి పెద్ద. వయసు తగ్గించి రాసింది నేను. మస్తాను దొంగ కాడు. ఇన్నాళ్లకు ఈ మూడు వాక్యాలు రాయగలిగాను. క్షమించమని అడగను. అడగవలసిన మనిషి లేడు.

పోయినవి ఇవి. పంజా ఒకటి. పీరు లేవని మొహర్రాలు తొమ్మిది. నాలుగు తరాల సేవ. ఒక మనిషి పరువు. ఆ మనిషి.