తడి చీరతో సాక్ష్యం

ఆనందమ్మను చూసి కోర్టు బంట్రోతు హడలిపోయాడు. నెత్తిమీంచి నీళ్లు కారుతున్నాయి. చీర ఒంటికి అతుక్కుపోయింది. బయట చూస్తే చిత్తూరు ఎండ మాడ్చేస్తోంది.

"ఏందమ్మా ఇది? యాడ తడిసినావు?"

"ప్రమాణం చేయాలంటిరి గదా నాయనా. కొళాయి కింద తానం చేసి వచ్చినా."

కాణిపాకంలో గరిక కట్టలు అమ్ముకునే మనిషి ఆనందమ్మ. అక్కడ వినాయకుడి ముందు ప్రమాణం చేయాలంటే స్నానం చేసి తడిబట్టలతోనే నిలబడాలి. అబద్ధమాడదామని వచ్చి, స్నానమయ్యాక భయపడి వెనక్కి మళ్లిన మొనగాళ్లను ఎందరినో చూసింది. కోర్టులో చేసేదీ ప్రమాణమే కదా, పొడిబట్టలతో ఎట్లా చేస్తారనుకుంది పిచ్చి మనిషి. నేను పిచ్చిదన్నానని మీరూ అనేరు, నేనొప్పుకోను!

ఆమెను సాక్షిగా పిలిపించింది కొడుకు మునిశేఖర్. వాడి పెళ్లాం కోమలి, సిలోను నుంచి పడవలో వచ్చిన కాందిశీకుల బిడ్డ. అరవనాడు శిబిరంలో పుట్టింది. పుట్టింది ఈ నేలమీదే అయినా, ఈ దేశపు మనిషినని చూపించుకోవడానికి చేతిలో ఒక్క కాగితమూ లేదు. మోజున్నన్నాళ్లు ఆ సంగతి మునిశేఖర్‌కు అడ్డు రాలేదు. తిరుపతిలో ఇంకో సంసారం పెట్టాక గుర్తొచ్చింది దొరగారికి! ఐదేళ్ల కూతురు లోహితను బడి నుంచి అటే ఎత్తుకుపోయి, "నోరు తెరిస్తే పోలీసులకు చెప్పి క్యాంపుకు తోలిస్తా" అని కోమలిని బెదిరించాడు.

అత్త ఇంట్లోనే ఉండిపోయిన కోమలి, బిడ్డ కంచం ఎదురుగా పెట్టుకుని ఏడ్చేది. ఆ ఏడుపు వినలేక ఆనందమ్మ కూడా అన్నం వదిలేసి లేచిపోయేది. చివరికి కోమలి తెగించి బిడ్డ కోసం కేసు వేసింది.

"కోమలి బిడ్డను వదిలేసి తిరుగుతా ఉండాదని చెప్పు మా. ఎప్పుడైనా పడవెక్కి పారిపోతాదని చెప్పు. అంతే చాలు," అని మునిశేఖర్ తల్లికి ఫోనులో నేర్పాడు. కన్నతల్లి తన పక్షాన కాక ఎవరి పక్షాన ఉంటుందని వాడి ధీమా.

తడి చీర చూడగానే వాడి ముఖం మాడిపోయింది. కాణిపాకంలో పెరిగినవాడు, తెలియదా! లాయరు చెవిలో ఏదో గొణిగాడు. అప్పటికే ఆనందమ్మ బోనెక్కేసింది.

కొడుకు వైపు చూసింది. కన్నపేగు కదలలేదంటే అబద్ధం. జడ్జమ్మ వైపు తిరిగింది.

"కోమలి బిడ్డను వదల్లేదు తల్లీ. నా కొడుకే లాక్కుపోయినాడు. ఇంకోరకంగా చెప్పమన్నాడు. తడిగుడ్డతో నిలబడి నేను చెప్పలేను."

జడ్జమ్మ కలం పక్కన పెట్టింది. "కోమలికి కాగితాలు లేవు కదమ్మా. రేపు ఆమెను పంపించేస్తే బిడ్డ గతేమిటి?"

"నేనుండాను గదమ్మా. కార్డుండాది, ఓటుండాది, ఇల్లుండాది. ఆ పిల్లకు లేనియన్నీ నాకుండాయి. ఆ బిడ్డకు అమ్మ మాత్రం నేను కాలేను, కోమలే కావాల."

అదీ ఆనందమ్మంటే! ఆ మాట విని లాయర్లు కూడా తలెత్తి చూశారు.

కాగితాల సంగతి వేరే చోట తేలాల్సిందనీ, అవి లేవని తల్లికి బిడ్డను కాకుండా చేయలేమనీ తీర్పొచ్చింది. లోహిత నానమ్మ ఇంట్లో, తల్లి దగ్గరే పెరగాలి. కోర్టుకు చెప్పకుండా జిల్లా దాటించకూడదు. తండ్రి ప్రతి ఆదివారం ఆ ఇంటికే వచ్చి చూసుకోవచ్చు. కోమలి బిడ్డను గుండెలకు అదుముకుని, అక్కడే వరండాలో కూలబడి భోరుమంది.

మునిశేఖర్ తల్లి దగ్గరికి విసురుగా వచ్చాడు. "సొంత కొడుకును నలుగుర్లో నిలబెట్టినావు గదా. ఇంక సచ్చినా నీ గడప తొక్కను."

"తొక్కకుంటే నీ బిడ్డనెట్ట సూస్తావురా?" అంది ఆనందమ్మ. "తిరపతికి పోయినాక ఒక్కసారైనా నా ముఖం సూసినావా? ఇప్పుడు ఆదివారమైతే రావాల్సిందే. నువ్వు నీ బిడ్డను సూసుకో, నేను నా బిడ్డను సూసుకుంటా. అన్నానికి రా, పో."