నేను వినని పిలుపు

మొన్న ఇక్కడ జర్మనీలో, హానోవర్‌లో ట్రాము ఎక్కితే ఎదురు సీట్లో కొత్తగా పెళ్ళయిన మన తెలుగు జంట కూర్చుని ఉంది. స్టాపు రాగానే ఆ అమ్మాయి మొగుణ్ణి పేరుపెట్టి పిలిచి, "దిగరా బాబూ, డాక్టరు టెర్మిన్‌కి టైమైపోతోంది" అంటూ జబ్బ పట్టుకుని లాక్కుపోయింది. ఆ పిలుపు చెవిలో ఉండిపోయి నేను దిగాల్సిన చోటు దాటిపోయాను.

మన తరం ఇళ్ళలో భార్య నోట భర్త పేరు రాదని మీకు చెప్పనక్కర్లేదు. ఈ దేశంలో ఇన్నేళ్ళున్నా మా ఆవిడకు నేను "ఏమండీ"నే. ఆఫీసుల్లో నా పేరు అడిగితే నా వైపు చూసేది.

థైరాయిడ్ గడ్డ తీశాక ఆమె గొంతు పోయింది. ఆ గడ్డ స్వరపేటికకు వెళ్ళే నరాన్ని అంటిపెట్టుకుని ఉందట. మాట ఉత్త గాలిలా వచ్చేది, నీళ్ళు తాగితే పొలమారేది. మా వదిన ఫోనులో చెప్పిన మిరియాల పాలు, అతిమధురం అన్నీ అయ్యాక, ముక్కులోంచి సన్నని కెమెరా పంపిన డాక్టరు, రెండు స్వరతంతువుల్లో ఒకటి కదలడం లేదని, మధ్యలో మిగిలిన సందులోంచి గాలి పోతోందని చూపించాడు. నరం తనంతట కోలుకోవచ్చని నెలల తరబడి ఆగమన్నారు. ఈలోగా స్పీచ్ థెరపిస్టు దగ్గర గోడను రెండు చేతులా నెడుతూ అక్షరాలు పలికేది. ఇంట్లో నన్ను పిలవడానికి గరిటెతో గిన్నె మీద కొట్టేది. మా అమ్మాయి "అమ్మ ట్రాము బెల్లు" అని వెక్కిరిస్తే తనూ నవ్వేది, చప్పుడు లేకుండా. ఇక ఆ గొంతు రాదేమోనన్న భయం ఆ నవ్వు చూసినప్పుడే నాకు పట్టుకుంది.

నరం కోలుకోలేదు. గొంతు ముందున్న మెత్తని ఎముకకు చిన్న కిటికీ చేసి, కదలని తంతువును మధ్యకు నెట్టేలా ఒక బిళ్ళ అమరుస్తామన్నారు. నిద్రపుచ్చరు, మనిషి మాట్లాడుతూ ఉంటే, ఆ మాట వింటూ బిళ్ళను సరిచేస్తారు. నేను బయట కూర్చున్నాను.

అంతా అయ్యాక, ఎప్పుడూ ఇంటిపేరుతోనే పిలిచే సర్జన్ బయటికొచ్చి, నా పేరును అచ్చం మనవాళ్ళలా పలికి, ఈ పేరు మీదే గొంతు కుదిరిందన్నాడు. తోచిన మాట ఏదైనా అంటూ ఉండమంటే ఆమె మొదటి నుంచీ అదే అందట.

ఇంటికొచ్చాక అడిగాను. "అక్కడ మనవాళ్ళెవరూ లేరు కదండీ" అంది, కాస్త బొంగురుగా, స్పష్టంగా. నా ముందు ఒక్కసారి అనమంటే, "చాల్లెండి సంబడం" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పోయిన చలికాలం మా ఆవిడ గుండె ఆగి కన్నుమూసింది. గొంతు మాత్రం చివరిదాకా నిలిచింది. ఇప్పటికీ వంటింటి వైపు నుంచి "ఏమండీ" అని వినిపిస్తే పలకబోయి ఆగుతాను. దానికి అలవాటు పడ్డాను.

ఈ కాలం పిల్లలకు మర్యాద తగ్గిందంటారు మన వయసువాళ్ళు. తగ్గితే తగ్గనీండి, వాళ్ళకు తలుచుకోవడానికి ఆ పిలుపైనా ఉంటుంది. నేను మా ఆవిడ గొంతులో నా పేరు ఊహించుకోబోయిన ప్రతిసారీ ఆ సర్జన్ గొంతే వినిపిస్తుంది.