మూడుసార్లు వెలిగిన లైటు

మొన్న బాపట్లలో మా కాలేజీ ల్యాబ్ పక్కనున్న సామాన్ల గది సర్దుతుంటే, ఒక పాత గాజుతెర మానిటర్ బయటపడింది. పనిచేస్తుందేమోనని ఆన్ చేశాను. వేడెక్కిన దుమ్ము వాసన గుప్పున కొట్టింది. తెర దగ్గర చెయ్యి పెడితే వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అంతే, జిలానీ బాబాయ్ గుర్తొచ్చి అక్కడే స్టూలు మీద కూలబడ్డాను.

తెనాలిలో ఆయనది మానిటర్లు బాగుచేసే కొట్టు. చదివింది పదో తరగతి. ఎవరో పారేసిన లావుపాటి పుస్తకాలు ముందేసుకుని ప్రోగ్రాములు రాయడం సొంతంగా నేర్చుకున్నాడు. కంప్యూటర్‌లో ఏ కంపెనీ గ్రాఫిక్స్ కార్డున్నా సరే, దానితో మాట్లాడి తెర మీద బొమ్మ రప్పించే ఒకే ఒక్క ప్రోగ్రాము, అంటే డ్రైవర్, రాయాలని ఆయన పంతం. ఉచితంగా దొరికే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఏళ్ల తరబడి దాని మీదే కూర్చున్నాడు. అంత మొండిమనిషిని నేను మళ్లీ చూడలేదు.

నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి, మూడు ఇంటర్వ్యూల్లో నోరు పెగలక తిరిగొచ్చిన రోజులవి. ఇంట్లో మానిటర్ పాడైతే పట్టుకుని ఆ కొట్టుకి వెళ్లాను. ఏం చదివావు, ఏం చేస్తున్నావు అని ఆయన అడగలేదు.

"ఎండలో వచ్చావు, మంచినీళ్లు తాగుతావా అమ్మా?" అన్నాడు.

"తాగుతానండి" అన్నాను. ఆ వారం మొత్తంలో బయటి మనిషితో నేనన్న మొదటి మాట అదే. నెల తిరిగేసరికి ఆయన్ని బాబాయ్ అని పిలుస్తూ, పక్కన కూర్చుని కోడ్ రాస్తున్నాను.

అప్పుడే రేపల్లెలో ఒక బడికి ఎవరో పన్నెండు పాత కంప్యూటర్లు ఇచ్చారు. ఏ రెండింటికీ పొంతన లేదు. సగం తెరలు నల్లగానే ఉండేవి. "పన్నెండూ వెలిగితేనే ఉంచుతానండి. కొన్ని వెలిగి కొన్ని వెలగకపోతే పిల్లలు కొట్టుకుంటారు. సోమవారం పాతసామాన్లవాడు వస్తాడు" అని హెడ్మాస్టర్ గారు తెగేసి చెప్పారు. మా డ్రైవర్‌కి అదే అసలు పరీక్ష అన్నాడు బాబాయ్.

నేను తెలివంతా ఉపయోగించి, డ్రైవర్ ఎక్కడ ఆగిపోయిందో వివరంగా రాసి చూపించే భాగం ఒకటి తయారుచేశాను. బాబాయ్ కళ్లజోడు సర్దుకుని చదివి, పగలబడి నవ్వాడు.

"తెర పనిచెయ్యట్లేదని తెర మీదే రాస్తావేంటమ్మా? ఎవరు చదువుతారు?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన కీబోర్డు మూలనున్న చిన్న లైటు చూపించాడు. "దీన్ని వెలిగించు. కార్డు దొరక్కపోతే ఒకసారి, కార్డు మొరాయిస్తే రెండుసార్లు, మానిటర్ జవాబివ్వకపోతే మూడుసార్లు."

శనివారానికి ఆయనకి జ్వరం వచ్చింది. నన్నొక్కదాన్నే రేపల్లె పంపాడు. పదకొండు తెరలు వెలిగాయి. పన్నెండోది నల్లగా ఉండిపోయింది. కీబోర్డు మీద లైటు మూడుసార్లు వెలిగి ఆరింది. "ఏంటమ్మా, ఇది పోయినట్టేనా?" అన్నారు హెడ్మాస్టర్ గారు వెనకనుంచి. వరండాలోకి వెళ్లి బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"తెర దగ్గర చెయ్యి పెట్టి చూశావా? వెంట్రుకలు లేస్తున్నాయా?"

"లేస్తున్నాయి బాబాయ్."

"అయితే బతికే ఉంది. ఎంత పెద్ద బొమ్మ చూపించగలవని మనం అడుగుతున్నాం, పాపం అది చెప్పలేకపోతోంది. చెప్పకపోతే అక్కడితో ఆగిపొమ్మని ఎవరు రాశారు?"

"నేనే బాబాయ్."

"ఆగొద్దు. అడగడం మానేసి, ఏ తెరైనా చూపించగలిగే చిన్న బొమ్మ పంపు."

రెండు లైన్లు మార్చాను. తెర ఒక్కసారి వణికి, వెలిగింది. రంగులు అంతంతమాత్రం, అక్షరాలు లావుగా ఉన్నాయి. హెడ్మాస్టర్ గారు వంగి చూసి, "పిల్లలకి ఇదే నయమండి" అన్నారు. సోమవారం పాతసామాన్లవాడు ఖాళీ చేతులతో వెళ్లాడు.

తిరుగు రైల్లో వేమూరు దాటాక ఏడుపొచ్చింది. ఇంటర్వ్యూల్లో అందరూ నన్ను ఎంత పెద్ద బొమ్మ చూపించగలవనే అడిగారు. చెప్పలేకపోతే అక్కడితో ఆపేశారు. బాబాయ్ ఒక్కడే ఆపలేదు.

ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు నేను ఈ కాలేజీలో పాఠాలు చెబుతూ, ల్యాబ్ పరీక్షల్లో వైవా ప్రశ్నలు అడుగుతున్నాను. ఏటా ఎవరో ఒక పిల్ల ఎదురుగా నిలబడి మొదటి ప్రశ్నకే బిగుసుకుపోతుంది. నేను ప్రశ్నల కాగితం బోర్లా పెట్టి, గ్లాసు ముందుకు జరుపుతాను.

"ఎండలో వచ్చావు, మంచినీళ్లు తాగుతావా అమ్మా?"