తేనెపిట్టతో తగువు పెట్టిన ఫోను

ఆ శనివారం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

యూఏఈలోని ఖోర్ ఫక్కాన్‌లో మా ఇంటి వెనక కొండల్లోకి పోయే ఎండిన వాగు ఉంది. కరోనా రోజుల్లో నడక కోసం అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టి, పిట్టల కోసం మానలేకపోయాను. నిరుడు ఎండలు ముదరకముందు అక్కడి రేగుచెట్టుకు తేనెపిట్టల జంట గూడు కట్టింది. కట్టిందంతా ఆడపిట్టే. మగవాడు నల్లగా నిగనిగలాడుతూ పైకొమ్మన కూర్చుని పాడేవాడు. పనీపాటా లేదురా నీకు అని తిట్టుకునేదాన్ని. గుడ్లు పిల్లలయ్యాక చూస్తే ఇద్దరూ పురుగులు మోస్తున్నారు. ఇంకో మగపిట్ట గొంతు వినిపిస్తే చాలు, వాడు వెంటబడి తరిమేవాడు. అది పాట కాదని, "నా ఇల్లిది, అవతలికి పో" అనే కేక అని అప్పుడు అర్థమైంది.

మా ఆయన ఈ ముచ్చట ఆఫీసులో గొప్పగా చెప్పారు. ఇంకేముంది, అక్కడందరూ ముదీర్ అని పిలిచే వాళ్ళ పై అధికారి ఆ శనివారం పెద్ద కెమెరాతో షార్జా నుంచి దిగాడు. మన తెలుగాయనే. దూరంగా కూర్చుని చూద్దామన్నాను. అంత ఓపిక ఆయనకెక్కడిది? చిన్న స్పీకరు రాతిమీద పెట్టి, ఫోన్లోంచి మగ తేనెపిట్ట పాట వినిపించాడు.

మగవాడు నోటిలోని పురుగు వదిలేసి దూసుకొచ్చాడు. లేని శత్రువు కోసం స్పీకరు చుట్టూ తిరుగుతూ గొంతు చించుకున్నాడు. పాట అయిపోతే ముదీర్ మళ్ళీ పెట్టడం, వాడు మళ్ళీ రావడం. మాకు జడిసి ఆడపిట్ట గూటి దగ్గరికే రాలేదు.

"ఆపేయండి సార్. లోపల పిల్లలున్నాయి, మేత అందట్లేదు."

"ఫైవ్ మినిట్స్ అమ్మా. రెక్క కింద ఆ పసుపు ఈకలు విప్పిందంటే ఖలాస్, వెళ్ళిపోదాం."

మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. "నువ్వూరుకోవే. సారేమనుకుంటారు?"

సారేమనుకుంటారట! రోజూ గూటి మీదికి కాకి వస్తే ఆ పిట్టలు మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి పొడిచి తరిమేవారు. ఆవేళ తరిమేవాళ్ళు లేరు. చెట్టు అవతలి వైపు నుంచి వచ్చి కాకి గూడు చీల్చేసింది. నేను రాయి విసురుతూ పరిగెత్తేసరికి ఒక పిల్లను ఎత్తుకుపోయింది. కిందపడిన రెండోదానికి ఇంకా కళ్ళు తెరుచుకోలేదు. నా అరచేతిలోనే పోయింది.

"నేచర్ అమ్మా. కాకి కూడా బతకాలి కదా," అన్నాడు ముదీర్.

"కాకిని నేనేమీ అనలేదు సార్," అన్నాను.

సాయంత్రం ఆఫీసు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో ఫొటో వచ్చింది. పసుపు ఈకలు విప్పి, నోరు తెరిచిన మగవాడు. ఎంత ఆనందంగా పాడుతోందో అని అందరూ మురిసిపోయారు. మొట్టమొదట లవ్ గుర్తు పెట్టింది మా ఆయనే.

"అది పాడటం లేదు. పిల్లల కోసం కొట్లాడుతోంది. ఈ ఫొటో అయ్యేలోపు పిల్లలు చచ్చిపోయాయి," అని రాశాను.

మా ఆయన పక్క గదిలోంచి పరుగున వచ్చి డిలీట్ చెయ్యమన్నారు. చెయ్యలేదు. ఆయన పెట్టిన గుర్తు ఆయనా తియ్యలేదు.