హజరత్తన్న కాలిపలక

నాకు కోపం వస్తే దాచుకోవడం చేతకాదు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందిరా" అని మా అమ్మ సర్దార్‌బీ చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉంది. ఆమె మాట మీద గౌరవంతో చాలాసార్లు నోరు మూసుకున్నాను. హజరత్తన్న విషయంలో మాత్రం మూసుకోను. ఆ మనిషికి జరిగింది కళ్ళారా చూసి కూడా ఊరుకుంటే ఇక నోరెందుకు, అన్నం తినడానికా?

నా పేరు షఫీక్. ఇందుకూరుపేటలో మైకుసెట్టు నడుపుతాను. పెళ్ళిళ్ళకీ తిరునాళ్ళకీ బాక్సులు కట్టి, మిక్సరు బల్ల ముందు కూర్చుని, ఎవరి పాట, ఎవరి వాద్యం ఎంత వినపడాలో చూసుకోవడం నా పని. మిక్సరు మీద ఒక్కో వాద్యానికి ఒక్కో మీట ఉంటుంది. పైకి తోస్తే అది పలుకుతుంది, కిందికి లాగితే మూగపోతుంది. అలా ఎంతోమందిని విన్నాను. గిటారు వాయించేవాళ్ళలో హజరత్తన్నలాంటి వాణ్ణి మా వైపు నేను చూడలేదు.

ఆయన అసలు పేరు హజరత్తయ్య. పేరు విని సాయిబనుకుంటారు కొత్తవాళ్ళు. కాదు. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే వాళ్ళమ్మ దర్గాలో మొక్కుకుంది, దక్కినవాడికి ఆ పేరే పెట్టుకుంది. మా వైపు వీధికొక హజరత్తయ్యో మస్తానయ్యో ఉంటాడు, అదేమీ వింత కాదు. మైపాడు దారిలో రొయ్యల గుంటల మధ్య ఇల్లు. గుంటల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల మోటార్లు బాగుచేయడం ఆయన బతుకుతెరువు. పగలంతా గ్రీజులో ఉండే ఆ చేతులే సాయంత్రం గిటారు మీదికి వెళ్తాయి. కుర్రతనంలో చర్చిలో మోటారు బాగుచేయడానికి వెళ్ళి, అక్కడ క్రీస్తురాజు సారు గిటారు వాయిస్తుంటే గుమ్మంలోనే నిలబడిపోయాడట. మోటారు పని అయిపోయినా ఇంటికి పోలేదు. "ఏం నాయనా, నేర్చుకుంటావా?" అని ఆయనే పిలిచి నేర్పాడు. మతం అడగలేదు, కులం అడగలేదు. అడిగేవాళ్ళు తర్వాత వచ్చారు.

నెల్లూరులో నరేంద్రబాబు అనే ఆయన ఆర్కెస్ట్రా నడుపుతాడు. హజరత్తన్న అందులోనే పెరిగాడు, అందులోనే తల నెరిసింది. ఒకప్పుడు ఆ స్టేజీ నిండా మనుషులుండేవాళ్ళు. ముందు ఫ్లూటు ఆయన మానేశాడు, తర్వాత వయొలిన్ ఆయన మానేశాడు. వాళ్ళ చోట కొత్తవాళ్ళను పెట్టకుండా నరేంద్రబాబు ఒక లాప్‌టాప్ కొన్నాడు. పాటకు కావలసిన సంగీతమంతా ముందే అందులో పెట్టి మీట నొక్కడమే. దానికి ట్రాకు అని పేరు. వాయించేవాళ్ళే అక్కర్లేదు, పాడేవాళ్ళుంటే చాలు.

ఒకరోజు నా ఎదురుగానే హజరత్తన్నతో అన్నాడు.

"చూడు హజరత్తయ్యా, ఫ్లూటు సౌండూ వయొలిన్ సౌండూ నువ్వు గిటార్లోనే తెప్పించగలిగితే ఉండు. లేదంటే అన్నీ లాప్‌టాపే పలకతాది. అప్పుడు స్టేజీ మీద నీకు పనేముండాది చెప్పు?"

ముగ్గురి పని ఒక్కడు చేస్తే ఉండనిస్తాడట! నాకు ఒళ్ళు మండింది. హజరత్తన్న మాత్రం "సరే బాబూ, చూస్తా" అన్నాడు.

గిటారు శబ్దాన్ని రకరకాలుగా మార్చే ఎఫెక్ట్స్ పెట్టె ఆయన దగ్గర ముందునుంచే ఉంది. వేణువులా ఊదమంటే ఊదుతుంది, వయొలిన్‌లా సాగమంటే సాగుతుంది. చిక్కల్లా ఎక్కడంటే, శబ్దం మారాలంటే దాని గుండీ చేత్తో నొక్కాలి. గిటారు వాయించేవాడికి రెండు చేతులూ గిటారు మీదే ఉంటాయి కదా. అందుకని మద్రాసులో ఏదో బ్యాండు వాళ్ళు అమ్మకానికి పెట్టిన మిడి ఫుట్ కంట్రోలరు ఒకటి పట్టుకొచ్చాడు. నేల మీద పెట్టే ఇనుప పలక. దాని మీద వరసగా గుండీలు, చివర బండి యాక్సిలరేటరులాంటి పెడలు. గుండీని కాలితో నొక్కితే అది వైరు గుండా ఎఫెక్ట్స్ పెట్టెకు ఫలానా నంబరు శబ్దం తియ్యమని కబురు పంపుతుంది. పెడలు ముందుకు వంచితే శబ్దం పెరుగుతుంది. దీనికోసం ఆయన మోటారుసైకిలు అమ్మేశాడు. ఆ తర్వాత గుంటలకు సైకిలు మీద వెళ్తుంటే చూశాను.

కలపడం అనుకున్నంత తేలిక కాలేదు. రెండింటికీ ఒకే చానెల్ నంబరు ఇవ్వాలి, లేకపోతే పలక ఎంత అరిచినా పెట్టెకు వినపడదు. అది కుదిరాక ఇంకో పేచీ వచ్చింది. ఒకటో గుండీ నొక్కితే రెండో శబ్దం, రెండోది నొక్కితే మూడోది. ఇద్దరం తలలు బాదుకున్నాం. చివరికి హజరత్తన్నే పట్టుకున్నాడు.

"షఫీకూ, ఈ రెండిట్లో ఒకటి సున్నా నుంచి ఎంచతుండాది, ఇంకోటి ఒకటి నుంచి. అందుకే మాటా మాటా కలవడంలా" అన్నాడు. పలకలో అంకెలన్నీ ఒక్కటి వెనక్కి జరిపాడు. కుదిరిపోయింది.

ఆ గుండీలు బూట్లేసుకుని తొక్కేవాళ్ళ కోసం చేసినవి. మనవాళ్ళు చెప్పులు విడవకుండా స్టేజీ ఎక్కరు. ఒట్టి కాలికి అవి గుచ్చుకునేవి. మోటార్లలో వేసే రబ్బరు వాషర్లు తెచ్చి గుండీల మీద అంటించుకున్నాడు. ఇక సాధన. ఆయన భార్య ఇందిరమ్మ జాకెట్లు కుడుతుంది. వసారాలో ఒక పక్క ఆమె మిషను, ఇంకో పక్క ఈయన పలక. ఆయన ప్రతిసారీ కిందికి చూసి గుండీ వెతుక్కుంటుంటే ఆమెకు విసుగొచ్చింది.

"కిందకి చూడబాక. నేను మిషను తొక్కేటప్పుడు చూస్తానా? చూస్తే సూది వేల్లో దిగతాది. కాలికే తెలియాల" అంది.

కొన్నాళ్ళకు కాలికే తెలిసింది. పాట మధ్యలో బొటనవేలు అలా జరిగేది, గిటారు వేణువయ్యేది. కళ్ళు మూసుకుని వింటే ముగ్గురు మనుషులు వాయిస్తున్నారనుకోవాలి. సముద్రం గాలిలో కూడా ఒళ్ళు చెమట పట్టేంతగా సాధన చేశాడు. ఎందుకంటే ఆ స్టేజీ తప్ప ఆయనకు ఈ పాడు లోకంలో ఇంకో సరదా లేదు.

మొదటిసారి పలకను స్టేజీ ఎక్కించింది గంగమ్మ తిరునాళ్ళలో, సముద్రం పక్క పల్లెలో. కమిటీ పెద్ద కామాక్షయ్య. చుట్టుపక్కల రొయ్యల గుంటలు సగం ఆయనవే. కచేరీకి ముందు వాద్యాలన్నీ వరసగా పెట్టి, పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టడం నరేంద్రబాబు బృందంలో మొదటినుంచీ ఉన్న ఆచారం. హజరత్తన్న తన గిటారు పక్కనే పలకను కూడా తెచ్చి పెట్టాడు. కొత్తగా వచ్చింది, దానికీ ఆశీర్వాదం ఉండాలనుకున్నాడు పిచ్చి మారాజు. ఒక్కో గుండీకీ బొట్టు తనే పెట్టాడు. పూజలో పెట్టకుండా పక్కనే ఉంచుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. భక్తే ఆయన కొంప ముంచింది.

హారతి కళ్ళకద్దుకోవడానికి కామాక్షయ్య స్టేజీ ఎక్కాడు. చెప్పులతో ఎక్కాడు. అందరం చూశాం, ఎవరూ ఏమీ అనలేదు. గుంటలున్నవాడి చెప్పులు చెప్పులు కావేమో.

మొదటి పాట ఎత్తుకున్నారు. హజరత్తన్న ఒట్టి పాదం పలక మీద మోపాడో లేదో, ముందువరస సోఫాలోంచి కామాక్షయ్య లేచి నిలబడ్డాడు.

"ఏయ్, ఆపండి! బొట్టు పెట్టినదాన్ని కాలితో తొక్కతుండాడేంది వీడు? అమ్మోరి ముందర ఇదేం పని?"

పాట ఆగింది. నరేంద్రబాబు ఏం చేయాలి? ఇదీ సంగతి సార్ అని చెప్పాలి. చెప్పలేదు. వంగి రెండు చేతులూ జోడించి "తప్పయిపోయింది సార్, మావాడికి తెలియక" అన్నాడు. తర్వాత హజరత్తన్న వైపు తిరిగి, "కాలు తియ్! చేత్తో నొక్కుకో పో" అని కసిరాడు. ముగ్గురి పని చెయ్యమని తనే కదా ఆ పలకను కొనిపించింది! ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాను. ఈయన ఏటి మధ్యలోనే తగలేశాడు.

హజరత్తన్న కాలు తీశాడు. పాట మళ్ళీ మొదలైంది. శబ్దం మారాల్సిన చోటల్లా వాయించడం ఆపి వంగి చేత్తో నొక్కుతున్నాడు. లేచేసరికి ఆ చరణం దాటిపోతోంది. ఒకసారి గిటారు మెడ మైకు స్టాండుకు తగిలి బాక్సుల్లో ఠంగుమంది. జనం ఘొల్లున నవ్వారు. తల నెరిసిన మనిషి గుంజీలు తీస్తున్నట్టుంటే నవ్వరా మరి? ఆయన ముఖం కందగడ్డయింది. నాకు ఏడుపొచ్చింది, నిజం చెబుతున్నాను.

పాట అయ్యాక నరేంద్రబాబు లాప్‌టాప్ తెరిచాడు. నా దగ్గరికి వచ్చి చెవిలో అన్నాడు.

"ఇంక ట్రాకు మీద పోదాం. హజరత్తయ్య గిటారు పూర్తిగా తగ్గించెయ్. ఊరికే పట్టుకుని వాయిస్తున్నట్టు నిలబడతాడు, స్టేజీ నిండుగా కనపడతాది."

"ఆయనకి చెప్పినారా?" అన్నాను.

"చెప్పేదేముండాది? వాడే తెలుసుకుంటాడు."

"బాబూ, డ్రమ్ముల కాలి పెడలుకీ బొట్టుండాది. దాన్ని మీవాడు పొద్దస్తమానం తంతానే ఉండాడు. దానికి లేని పాపం దీనికేంది?"

"అది ఎప్పట్నుంచో ఉండేది. ఇది కొత్తది. నువ్వు గమ్మున చెప్పింది చెయ్" అని వెళ్ళిపోయాడు.

వినండి, ఎంత చక్కటి న్యాయమో! పాత తన్నుకు పాపం లేదు, కొత్త అడుగుకు ఉంది. మా తాతల కాలంలో నాటకాల్లో హార్మోనియం తిత్తిని కాళ్ళతో తొక్కేవాళ్ళు. డ్రైవర్లు లారీకి పూజ చేసి, నిమ్మకాయలు తొక్కించి, ఆ మర్నిమిషమే క్లచ్చి తొక్కుతారు. పొలానికి దణ్ణం పెట్టి పొలంలోనే దిగుతారు. ఎవరి మనసూ నొచ్చుకోలేదు. మోటార్లు బాగుచేసే హజరత్తన్న కాలు ఆనేసరికి అమ్మవారికి కోపమొచ్చిందట. అమ్మవారికి కాదు, కామాక్షయ్యకొచ్చింది. తన గుంటల్లో మోకాళ్ళ లోతు బురదలో దిగి పనిచేసే మనిషి, తను కింద కూర్చుంటే పైన నిలబడి వాయించడమే ఆయన కడుపుమంట అని నా నమ్మకం. కాదంటే వచ్చి నాతో చెప్పమనండి.

రెండో పాటకు ట్రాకు మోగింది. అది విని హజరత్తన్న వాయించకుండా నిలబడిపోయాడు. నేను హజరత్తన్న మీటను ముట్టుకోలేదు. ట్రాకు మీటను పట్టుకుని కిందిదాకా లాగేశాను.

బాక్సులు మూగబోయాయి. పాడుతున్న అమ్మాయి గొంతు ఒంటరిగా మిగిలి, ఆగిపోయింది. నరేంద్రబాబు లాప్‌టాప్‌ను అటూ ఇటూ కొడుతున్నాడు. ఆ నిశ్శబ్దంలో ఆడవాళ్ళ వైపు నుంచి ఇందిరమ్మ లేచింది. ఎప్పుడూ నలుగురిలో గొంతెత్తని మనిషి.

"కామాక్షయ్య గారా, మీ ఇంట్లో ఆడోళ్ళ జాకెట్లన్నీ నేనే కుట్టినా. దసరాకి మిషనుకి బొట్టు పెట్టినా, మర్నాడు ఆ మిషన్నే కాలితో తొక్కి కుట్టినా. అయ్యి తొడుక్కునే గదా మీవోళ్ళు గుడికి పోతుండారు? మా ఆయన కాలు పాపిష్టిదైతే నాదీ పాపిష్టిదే. ఆ జాకెట్లన్నీ తెచ్చి ఈడ పడెయ్యండి!"

ఆడవాళ్ళలో ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ. కామాక్షయ్య భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆయన కండువా సర్దుకుని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

హజరత్తన్న నా వైపు చూశాడు. నేను ఆయన మీటను పైదాకా తోశాను. ఆయన వంగి పలకను చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాడు. లేచి, దాని మీద కాలు పెట్టాడు.

ఆ తర్వాత వాయించింది మాటల్లో చెప్పలేను. వేణువు లేచింది, వయొలిన్ ఏడ్చింది, చివరికి గిటారు గిటారుగానే పలికింది. ఆయన ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. సోఫాల్లో వాళ్ళు కూడా తలలూపారు. కామాక్షయ్య కాలు తాళం వేస్తోంది. చెప్పులతోనే.

కచేరీ అయ్యాక సామాను సర్దుతుంటే నరేంద్రబాబు వచ్చాడు. చప్పట్లన్నీ ఆయన బృందానికే పడ్డాయి, అయినా ముఖం మాడ్చుకునే ఉన్నాడు.

"రేపట్నుంచి నువ్వు రాబాక హజరత్తయ్యా. పెద్దమనిషి వద్దన్నాక, నేను వద్దన్నాక, అందరి ముందరా కాలు పెట్టినావు. ఎవురు పెట్టమన్నారు నిన్ను?"

నేను అందుకోబోయాను. హజరత్తన్న నా భుజం పట్టి ఆపాడు. ఆయన కోపంగా మాట్లాడగా నేను విన్నది అదే మొదటిసారి. గొంతు మాత్రం పెంచలేదు.

"ముగ్గురి పని చెయ్యమన్నావు బాబూ. చేసినాను. దేవుడు నాకు మూడో చెయ్యి ఇయ్యలా. కాలిచ్చినాడు. ఆయన ఇచ్చినదాంతోనే వాయించినా."

పలకను రెండు చేతులా ఎత్తి గుండెకు ఆనించుకుని మెట్లు దిగాడు. నరేంద్రబాబు దగ్గర ఇక గిటారు లేదు. లాప్‌టాప్ మాత్రం ఉంది.