వచ్చిన పిల్లను రాలేదన్నాను

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

గట్టు మండలంలో ఒక ఊళ్లో హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ వారానికి మూడు రోజులు గద్వాల నుంచి బస్సెక్కి వెళ్లి, పదో తరగతికి లెక్కలు చెబుతాను. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో నా పేరు ‘హండ్రెడ్ పర్సెంట్ సార్’. అది చూసినప్పుడల్లా ఫోను బోర్లా పెట్టేస్తాను. పదో తరగతి పిల్లలంతా పాసైన ఆ వంద శాతం ఎలా వచ్చిందో నాకు తెలుసు కదా.

మా వైపు విత్తన పత్తి పండిస్తారు. పూలకు చేత్తో పుప్పొడి అంటించే క్రాసింగ్ రోజుల్లో సగం తరగతి చేన్లలోనే ఉంటుంది. హాజరు తగ్గితే పదో తరగతి పరీక్షకు కూర్చోనివ్వరు. అందుకని రాని పిల్లలకు కూడా మేమే హాజరు వేసి గట్టెక్కించేవాళ్లం. తప్పే. కానీ ఒక ఏడు పదో తరగతిలో ఉన్న పద్మ విషయంలో నేను చేసింది దానికి తిరగేసిన పని. ఆ పిల్ల మిగతావాళ్లకంటే ఎక్కువ రోజులే బడికి వచ్చింది. లెక్కలు మాత్రం బొత్తిగా రావు. చెప్పింది నేనే. ఆ ఏడు ఎవరైనా తప్పితే ఆమె ఒక్కతే తప్పుతుంది. పరీక్షకు కూర్చోకుండా, వచ్చిన రోజుల్ని రిజిస్టర్లో దిద్ది, రాలేదని రాశాను. పైవాళ్లెవరైనా ఒత్తిడి చేశారా? లేదు. వంద శాతం ఫలితాలు తెచ్చాడని పక్క మండలం హెడ్మాస్టరుకు సన్మానం జరిగింది, నాకు కడుపు మండింది, అంతే.

వాళ్లమ్మ నర్సమ్మ కూలి మానుకుని కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది.

"సారూ, పోరి దినాం బడికే అని పోతుండె. జర సూడుండ్రి."

"రిజిస్టర్లో లేదమ్మా. నేనేం చేసేది?" అన్నాను.

"నేను వచ్చిన సార్," అంది పద్మ.

నర్సమ్మ దాని చెంప మీద కొట్టింది. "బుక్కుల రాసి ఉన్నంక సారు అబద్ధం చెప్తడానే? బడికని చెప్పి యాడికి పోయినవే?"

నేను ఆపలేదు. రిజిస్టరు మూసి సొరుగులో పెట్టాను. పద్మ ఆ ఏడే కాదు, ఆ తర్వాత కూడా పరీక్ష రాయలేదు. వేసవిలో పెళ్లి చేసేశారు.

ఇప్పుడామె అదే బడిలో మధ్యాహ్న భోజనం వండుతోంది. అందరికంటే ముందు నాకే వడ్డిస్తుంది. పోయిన వారం, ఎనిమిదో తరగతి చదివే తన కూతురితో అంటుంటే విన్నాను. "నేను క్రాసింగుకు పోయి పది పోగొట్టుకున్న. నువ్వు ఒక్క దినం గూడ ఎగ్గొట్టొద్దు."

తింటున్న కంచం పక్కన పెట్టేశాను. వచ్చానని నా మొహం మీదే చెప్పిన పిల్ల, రాలేదని తనే నమ్మేసింది. చదువు ఒక్కటే పోగొట్టాననుకున్నాను ఇన్నేళ్లూ.

ఈ రోజు పిల్లలు తిని వెళ్లాక వంటగది గుమ్మంలో నిలబడి చెప్పేశాను. రిజిస్టరు దిద్దింది నేనే అని, ఆమె పరీక్ష పోయింది క్రాసింగుకు పోయినందుకు కాదని. ఆమె గిన్నె కడగడం ఆపలేదు. నా వైపు చూడకుండానే అంది.

"అమ్మ పోయి మూడేండ్లాయె సార్. ఆమె ఉన్నప్పుడు చెప్పకపోతిరి."

తిట్టినా బాగుండేది. బస్సులో కూర్చున్నాక గుండె తేలికైంది, అలా తేలికైనందుకు సిగ్గేసింది. గ్రూపులో కూడా ఇదే రాయాలి. ధైర్యం చాలుతుందో లేదో తెలియదు. ముందు ఇక్కడ రాస్తున్నాను. పద్మ బడికి వచ్చింది. రాలేదని రాసింది నేను.