కొట్టు గోడ

లోవలక్ష్మికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉండదూ మరి? మారేడ్‌పల్లిలో హేమచంద్ర ఆఫీసులో ఏళ్ల తరబడి కూర్చుని ఇళ్లకీ ఆఫీసులకీ లోపలి నమూనాలు గీసింది. గీత ఆమెది, కింద పేరు ఆయనది. ఓసారి ప్రారంభోత్సవానికి వెళ్తే, ఆమె గీసిన మెట్ల మీద నిలబడి హేమచంద్ర దండ వేయించుకుంటున్నాడు. ఈమెని పనిమనిషి అనుకున్నారో ఏమో, ఎవరో తాగేసిన టీ కప్పు చేతిలో పెట్టి పోయారు. ఆ కప్పు అక్కడే నేలకేసి కొట్టి, ఉద్యోగానికి నీళ్లొదులుకుని చిలకలగూడ పోర్షన్‌కి వచ్చేసింది.

ఆ తర్వాత దొరికిన మొదటి సొంత పని అల్వాల్‌ది. అక్కడ యుగంధర్‌కి మూతపడ్డ ఫర్నిచర్ షోరూమ్ ఒకటి ఉంది. "ఐటీ పోరగాళ్లు ఊరికి ఆ మూలనున్న ఆఫీసులకు పోయి వచ్చుడుకే పరేషాన్ అయితుండ్రు మేడం. ఈడనే కూసొని పని చేసుకునేటట్టు ఒక జాగ తయారు చేయండ్రి. గంటకు కావాల్నంటే గంటకు, నెలకు కావాల్నంటే నెలకు కిరాయికిద్దాం" అన్నాడు.

ఆమె ఆ హాల్లో చాలాసేపు తిరిగింది. పొద్దున ఒక్కడే వచ్చి మూల కూర్చుని ఫోన్ మాట్లాడుకుంటాడు. మధ్యాహ్నం ఓ కంపెనీ దండు దిగుతుంది. ఆదివారం అదే చోట పిల్లల డ్రాయింగ్ క్లాసు. ఇలాంటి చోట గోడలు కట్టుకుంటూ పోతే ఏం బాగుపడతాం? బల్లలకి చక్రాలు పెట్టింది. అడ్డు పలకలకి చక్రాలు. ఆఖరికి మొక్కల తొట్లకీ చక్రాలే. అవసరం తీరాక అన్నీ మడిచి వెనక గదిలోకి తోసేయాలి.

"అన్నీ కదుల్తాయండీ. ఆ వెనక గది గోడొక్కటే కదలకూడదు. అది లేకపోతే ఇదంతా సంత అయిపోద్ది" అని యుగంధర్‌కి గట్టిగా చెప్పింది.

యుగంధర్ మురిసిపోయాడు. పని షురూ కాకముందే, బుకింగ్‌కి వచ్చేవాళ్లు చూడాలని ముందు తలుపుకి కొత్త గాజు పెట్టించాడు. దాని మీద తెల్లటి అక్షరాలు అతికించాడు. డిజైన్: లోవలక్ష్మి. అది చూసిన రోజు ఆమె ఆటో ఎక్కడం కూడా మరిచిపోయి లోతుకుంట దాకా నడిచేసింది. ఆ నాలుగు అక్షరాల కోసం ఆమె ఏదైనా భరిస్తుంది.

భరించింది కూడా. యుగంధర్‌కి చెయ్యి ముందు లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. గేటు తీయడం ఆలస్యమైందని ఓ రోజు వాచ్‌మన్ చెంప ఆమె ఎదురుగానే పగలగొట్టాడు. ఆమె తల వంచుకుని స్కేలు కోసం వెతుక్కుంది.

గోడలు కూల్చే రోజు కిషన్ వచ్చాడు. మేడ్చల్ మనిషి, ఒళ్లంతా సున్నపు దుమ్ము, భుజం మీద సమ్మెట. మొదటి దెబ్బకి ముందు గోడ కాళ్ల దగ్గర నిమ్మకాయ పెట్టి తొక్కాడు. కూలాల్సిన గోడలన్నిటికీ లోవలక్ష్మి ముందే ఎర్ర ఇంటూ మార్కులు కొట్టి ఉంచింది. ఎక్కడ ఏమొస్తుందో సుద్దముక్కతో తెలుగులో రాసింది. కాఫీ. ఫోను. మీటింగు. వెనక గది గోడ మీద మాత్రం, నర్సీపట్నం దగ్గరున్న తమ ఇంట్లో బియ్యం బస్తాలూ పాత సామానూ పడేసే గదిని పుట్టిన దగ్గర్నుంచీ ఏమనేవారో, అదే రాసేసింది. కొట్టు.

రాసి, చక్రాల పెట్టెలు వస్తే దింపించడానికి గేటు దగ్గరికి వెళ్లింది. లోపల గోడలు దబదబా పడుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు ఆమెకి హాయిగా ఉంది, నిజం చెప్పాలంటే.

అంతలో వేరే చప్పుడు వచ్చింది. గాజు చప్పుడు. ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి, ఆగకుండా.

పరుగెత్తుకొచ్చేసరికి వెనక గదికి గోడ లేదు. అడ్డు పలకల కోసం తెప్పించి ఆ గోడకి లోపలి వైపు ఆనించి పెట్టిన గాజు పలకలన్నీ ఇటుకల కింద నుగ్గునుగ్గు అయిపోయాయి. దుమ్ములో కిషన్ సమ్మెట పట్టుకుని కొయ్యబారి నిలబడ్డాడు. గాజు గుచ్చుకుని మోకాలి కింద రక్తం కారుతోంది. అతను అది చూసుకోవడం లేదు.

యుగంధర్ మేడ మీంచి దిగి వచ్చాడు. పక్కనే పడున్న అల్యూమినియం చానెల్ బద్ద తీసి కిషన్ మెడ మీద ఒక్కటిచ్చాడు.

"ఎవడు చెప్పిండురా నీకు?"

"ఇంటూ లేదుగని, గోడ మీద రాసున్నది సార్. కొట్టు అని."

"మజాక్ చేస్తున్నవారా నాతోని?"

రెండోది నోటి మీద పడింది. సమ్మెట జారిపోయింది. మూడో దెబ్బకి కిషన్ ఇటుకల మీద కూలబడ్డాడు. యుగంధర్ ఆగలేదు. చానెల్ వంగిపోతే కాలితో తన్నాడు. పనివాళ్లంతా గోడకి అతుక్కుపోయారు.

లోవలక్ష్మి కాళ్ల దగ్గర ఓ పెచ్చు పడి ఉంది. దాని మీద సుద్దతో 'ట్టు' అని ఉంది. తన చేతిరాతే.

"యుగంధర్ గారూ, ఆగండి. అది..."

"మీరు బయట కూసోండ్రి మేడం. మీకేం కాదు. వీడు తాగొచ్చి కొట్టిండని నేను చెప్త. తలుపు మీద మీ పేరు గట్లనే ఉంటది." అంటూనే మళ్లీ తన్నాడు. కిషన్ ఇప్పుడు చేతులు కూడా అడ్డం పెట్టుకోవడం లేదు.

ఆమె చేయాల్సిందల్లా బయటికెళ్లి కూర్చోవడం. కాసేపట్లో అంతా అయిపోతుంది. మనిషి పోతే పోతాడు, పేరు ఉంటుంది. థూ, ఇదా నేను అనుకుంది.

వంగి సమ్మెట ఎత్తింది. తలుపు వైపు నడిచింది. బయటికి పోతోందనుకుని అందరూ దారిచ్చారు. ఆమె తన పేరు మీద, సరిగ్గా 'లోవ' మీద, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. గాజు ఒక్కసారి తెల్లబడి, జలజలా ఆమె పాదాల మీదకి రాలిపోయింది.

యుగంధర్ తన్నబోయిన కాలు అలాగే దించాడు.

"కొట్టు అని రాసింది నేను" అంది. "మా వైపు సామాన్ల గదిని కొట్టు అంటాం. ఆయన చదివింది చేశాడు. ఇంకొక్క దెబ్బ వేశావంటే ఈ సమ్మెట నీ తల మీద పడతాది."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది. అతను ఆమె చేతుల వైపు చూశాడు. ఆమె సమ్మెట మళ్లీ ఎత్తి పట్టుకునే ఉంది. వంగిన చానెల్ కింద పడేసి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

ఆటోలో కిషన్ తల ఆమె ఒళ్లో ఉంది. ఆమె చున్నీ అంతా తడిసిపోయింది.

"మేడం, మీ దిక్కు స్టోర్‌రూమ్‌ను కొట్టు అంటరా?"

"అంటాం మేస్త్రీ. నువ్వు మాట్లాడకు."

"మరి కొట్టమని చెప్పాల్నంటే ఏమంటరు?"

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "దానికీ కొట్టు అనే అంటాం" అంది. కిషన్ నవ్వబోయి, పెదవి చిట్లి, గుడ్డ అదుముకున్నాడు.

ఆసుపత్రిలో నర్సు గాయాలన్నీ చూసింది. ఇది పోలీసులకి చెప్పాల్సిన కేసని తేల్చి పెన్ను తీసింది.

"ఎవరమ్మా కొట్టింది?"

"అల్వాల్ యుగంధర్" అంది లోవలక్ష్మి. "కొట్టు అని రాసింది మాత్రం లోవలక్ష్మి. రెండు పేర్లూ రాసుకోండి."

నర్సు రెండో పేరు స్పెల్లింగ్ అడిగింది. ఆమె ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది.